వారానికి ఒక్క గోలీ: కీళ్ళవాతం, చక్కెర, మన సుబ్బారావు గారు



హైదరాబాద్ నుంచి ముంబై హైవే పట్టుకుని బయల్దేరండి. బీహెచ్ఈఎల్ దాటాక పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది, ఆ తర్వాత సంగారెడ్డి. ఈ రోడ్డుకు కాస్త అటూ ఇటూ పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి ఉన్నాయి. ఇక్కడ తయారైన ముడిమందు డ్రమ్ముల్లో ఎక్కి ప్రపంచమంతా పోతుంది. ఎక్కడో జర్మనీలోనో, బ్రెజిల్‌లోనో ఒకాయన గోలీ మింగితే, అందులోని మందు మన దగ్గర రియాక్టర్‌లో ఉడికింది అయ్యుండొచ్చు.

ఇదే ఏరియాలో ఇంకో దృశ్యం కూడా రోజూ కనిపిస్తుంది. పొద్దున లేవగానే చేతివేళ్ళు ముడవలేక, చీర కుచ్చిళ్ళు పెట్టుకోలేక, చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకునే అమ్మలు. "వాతం బిడ్డా, చలికాలం కదా" అంటారు. మందుల షాపులో నొప్పి గోలీ తెచ్చుకుంటారు. రెండు మూడేళ్ళు అట్లనే గడుస్తాయి. అప్పటికి వేళ్ళు వంకర పోతాయి.

ఈ జబ్బుకు ఒక చవకైన గోలీ ఉంది. పేరు మెథోట్రెక్సేట్. రోజూ కాదు, వారానికి ఒక్కసారే వేసుకోవాలి. ఆ గోలీ చరిత్రే ఈ రోజు మన టాపిక్. చరిత్ర అంటున్నాను గానీ ఇందులో సైన్స్ కూడా ఉంది. ఎందుకంటే మన ఒంట్లో కణాలు చక్కెరను ఎలా వాడుకుంటాయనే కథ, కీళ్ళవాతం మందు కథ, ఈ రెండూ ఒకే మనిషి దగ్గర కలుస్తాయి. ఆ మనిషి తెలుగువాడు, భీమవరంలో పుట్టినవాడు. తాను దారి తీసిన మందు ఒకరోజు కోట్లమంది కీళ్ళను కాపాడుతుందని తెలియకుండానే పోయాడు.

ముందు జబ్బు సంగతి చూద్దాం.

మన భాషలో కీళ్ళు నొప్పి పెడితే అన్నీ వాతమే. డాక్టర్ల లెక్కలో మాత్రం రెండు పెద్ద రకాలున్నాయి. ఒకటి వయసుతో వచ్చే అరుగుదల. మోకాలి చిప్ప కింద మృదులాస్థి అరిగిపోవడం అన్నమాట. మెట్లెక్కితే నొప్పి, కూర్చుంటే నయం. రెండోది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఈ పేరును 1859లో లండన్ డాక్టర్ ఆల్ఫ్రెడ్ గారడ్ పెట్టాడు. అంతకుముందు దీన్ని గౌట్‌తో, ఇతర వాతాలతో కలిపేసేవారు.

రుమటాయిడ్‌లో అరుగుదల అసలు కారణం కాదు. ఇక్కడ మన రోగనిరోధక వ్యవస్థే మన మీద తిరగబడుతుంది. క్రిముల మీద యుద్ధం చేయాల్సిన కణాలు కీలు లోపలి పలుచటి పొర మీద పడతాయి. ఆ పొరను సైనోవియం అంటారు. అది వాచి, మందంగా పెరిగి, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ కొరుక్కు తింటుంది. గుర్తుపట్టడం ఎట్లా? నొప్పి విశ్రాంతి తీసుకుంటే తగ్గదు, పైగా పొద్దున్నే ఎక్కువ ఉంటుంది. వేళ్ళు, మణికట్టు బిగుసుకుపోయి వదులు కావడానికి అరగంట, గంట పడుతుంది. సాధారణంగా రెండు చేతులకూ వస్తుంది. జనంలో వందకు ఒకరికి కాస్త తక్కువగా ఉంటుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ముసలితనం దాకా ఆగదు, ముప్పై నలభై ఏళ్ళకే మొదలవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. యుద్ధం చేసే కణాలకు తిండి కావాలి కదా? అవి ఏం తింటాయి? ఎట్లా తింటాయి? దీనికి జవాబు కావాలంటే వందేళ్ళు వెనక్కి పోవాలి.

1895 జనవరి 12న భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. ఇల్లు గడవడం కష్టమైన కుటుంబం. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. ఈ స్ప్రూను గుర్తుపెట్టుకోండి, కథలో మళ్ళీ వస్తుంది.

సుబ్బారావు గారు మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. ఖద్దరు గౌనుతోనే సర్జరీ క్లాసుకు వెళ్ళారు. తెల్లదొర ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. ఫలితం ఏమిటంటే పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ ఇవ్వకుండా, అంతకంటే తక్కువైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ఆ కాగితంతోనే ఆయన 1920ల మొదట్లో అమెరికా వెళ్ళారు, మామగారి సాయంతో, చేతిలో పెద్దగా డబ్బు లేకుండా. బోస్టన్‌లో ఖర్చుల కోసం రాత్రిపూట ఆసుపత్రిలో పోర్టర్‌గా పనిచేశారు. పగలు హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీ.

అక్కడ సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. బయోకెమిస్ట్రీ చదివేవాళ్ళు దాన్ని ఇప్పటికీ చదువుతారు. ఏదో చిన్న లెక్కల పరికరంలా అనిపిస్తుంది గానీ, ఆ కొలతే పెద్ద తలుపు తెరిచింది.

అప్పటికి కండరం ఎట్లా పనిచేస్తుందనే విషయంలో ఒక గట్టి నమ్మకం ఉంది. చక్కెర విరిగి లాక్టిక్ యాసిడ్ అవుతుంది, ఆ యాసిడ్ వల్లే కండరం ముడుచుకుంటుంది అనుకునేవారు. కండరం మీద చేసిన పనికి ఆర్కిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్ 1922 నోబెల్ అందుకున్నారు. ఇంతలో ఫిస్క్, సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని 1927లో చెప్పారు. పని చేస్తే అది తరిగిపోతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ నిండుతుంది. అంటే కండరానికి శక్తి ఫాస్ఫేట్ బంధాల నుంచి వస్తోంది. 1929లో ఇంకో అడుగు వేశారు. అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దీన్ని కనిపెట్టాడు. పాఠ్యపుస్తకాల్లో లోమన్ పేరు ఎక్కువ కనిపిస్తుంది, మనవాడి పేరు తక్కువ.

ఏటీపీ అంటే ఏమిటి? ఒంట్లో కణాల మధ్య చెల్లే నోటు అనుకోండి. మీరు బిర్యానీ తినండి, జొన్నరొట్టె తినండి, ఏది తిన్నా చివరికి కణం దాన్ని ఏటీపీలోకి మార్చుకునే ఖర్చు పెడుతుంది. వడ్లు తీసుకుపోయి బస్సు టికెట్ కొనలేం కదా, వాటిని అమ్మి రూపాయలు చేసుకోవాలి. ఇదీ అంతే. మన కథకు ఇది పునాది.

ఇదే కాలంలో బెర్లిన్‌లో ఒట్టో వార్‌బర్గ్ అనే ఆయన క్యాన్సర్ కణాలను చూస్తున్నాడు. ఆయనకు ఒక వింత కనిపించింది. మామూలు కణం ఆక్సిజన్ ఉంటే గ్లూకోజ్‌ను పూర్తిగా కాలుస్తుంది. ఒక గ్లూకోజ్ అణువు నుంచి దాదాపు 30 ఏటీపీలు దండుకుంటుంది. క్యాన్సర్ కణం మాత్రం ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా గ్లూకోజ్‌ను సగంలోనే ఆపేసి లాక్టిక్ యాసిడ్‌గా బయటికి పారేస్తుంది. దానికి మిగిలేది 2 ఏటీపీలే. చూస్తే శుద్ధ దండగ బేరం. అందుకే అది గ్లూకోజ్‌ను విపరీతంగా లాగేస్తుంది.

మరి దండగ అని తెలిసీ ఎందుకు చేస్తుంది? పెళ్ళి వంటలు చూశారా? వెయ్యి మందికి అన్నం వండేటప్పుడు గాడిపొయ్యి తవ్వి కట్టెలు ఎడాపెడా తోస్తారు. వేడిలో సగం గాలికే పోతుంది. ఇంట్లో గ్యాస్ పొదుపు చేసినట్టు అక్కడ కుదరదు. ముహూర్తానికి అన్నం దిగాలి, అంతే. తొందరగా పెరగాల్సిన కణం లెక్క కూడా అదే. సగంలో ఆపితే ఏటీపీ తక్కువే వస్తుంది గానీ వెంటనే వస్తుంది. పైగా గ్లూకోజ్ ముక్కలు కొత్త కణాలు కట్టుకోవడానికి ఇటుకల్లా మిగులుతాయి.

తర్వాత తేలిన విషయం ఏమిటంటే ఇది క్యాన్సర్ కణాల సొత్తు మాత్రమే కాదు. మన రోగనిరోధక కణాలూ ఇదే చేస్తాయి. టీ సెల్ అనే తెల్లరక్తకణం మామూలుగా నిద్రలో ఉన్నట్టు ఉంటుంది, కొంచెమే తింటుంది. క్రిమి కనిపించిందని సిగ్నల్ రాగానే గ్లూకోజ్ తలుపులు బార్లా తెరుస్తుంది. గ్లూట్-1 అనే ప్రోటీన్ ఆ తలుపు. తర్వాత ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, కొన్ని రోజుల్లో వేలు. మాక్రోఫేజ్ అనే ఇంకో రకం కణం కూడా అంతే. యుద్ధం మొదలైతే చక్కెర మీద పడుతుంది. 2013లో డబ్లిన్‌లోని ల్యూక్ ఓనీల్ బృందం ఇంకో లింక్ చూపించింది. మాక్రోఫేజ్ ఇట్లా ఆహారపద్ధతి మార్చినప్పుడు లోపల సక్సినేట్ అనే పదార్థం పేరుకుంటుంది. అదే వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా తయారీకి స్విచ్ వేస్తుంది. అంటే తిండి తినే పద్ధతే కోపాన్ని పెంచుతోంది.

జ్వరం వచ్చినప్పుడు ఇదంతా మన మేలుకే. క్రిమి చస్తుంది, కణాలు చల్లబడతాయి. రుమటాయిడ్‌లో శత్రువే లేడు, కాబట్టి యుద్ధం ఆగదు. కీలు లోపల పెళ్ళి వంట ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంటుంది.

దీనికి సాక్ష్యం ఉందా అంటే, ఉంది. వాచిన కీలులోంచి సిరంజితో నీరు తీసి పరీక్షిస్తే చాలామందిలో గ్లూకోజ్ తక్కువ, లాక్టేట్ ఎక్కువ కనిపిస్తాయి. డాక్టర్లకు ఇది ఎప్పటి నుంచో తెలుసు. పెట్ స్కాన్ అని విన్నారు కదా, క్యాన్సర్‌కు తీస్తారు. అందులో గ్లూకోజ్‌ను పోలిన రేడియోధార్మిక పదార్థం ఇస్తారు. చక్కెర ఎక్కువ లాగే చోటు స్క్రీన్ మీద వెలుగుతుంది. రుమటాయిడ్ ఉన్న మనిషికి తీస్తే మండుతున్న కీళ్ళు అట్లాగే వెలుగుతాయి. పెరిగిపోయిన పొరకు రక్తనాళాలు చాలవు, ఆక్సిజన్ అందదు. దాంతో కణాలు ఇంకా ఎక్కువగా ఆ సగం మంట మీదే ఆధారపడతాయి.

కథ ఇంత సూటిగా కూడా లేదు. అమెరికాలో కార్నీలియా వేయాండ్, యోర్గ్ గోరోంజీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రుమటాయిడ్ రోగుల టీ సెల్స్‌ను ఏళ్ళ తరబడి పరిశీలించారు. 2013లో వాళ్ళు చెప్పింది వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఈ రోగుల టీ సెల్స్‌లో పీఎఫ్‌కేఎఫ్‌బీ3 అనే ఎంజైమ్ సరిపడా లేదు. దాంతో గ్లూకోజ్ ఏటీపీ వైపు కాకుండా వేరే దారిలోకి, కొత్త కణాలకు సరుకులు తయారు చేసే దారిలోకి మళ్ళుతుంది. ఏటీపీ తక్కువ, సరుకులు ఎక్కువ. ఇట్లాంటి టీ సెల్స్ కీలు పొరలోకి చొచ్చుకుపోయి వాపు పెంచుతాయి. అదే రోగిలో మాక్రోఫేజ్‌లు మాత్రం గ్లూకోజ్‌ను తెగ కాలుస్తాయి. అంటే ఒకే ఒంట్లో రెండు రకాల కణాలు చక్కెరను రెండు రకాలుగా పాడు చేస్తున్నాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. "చక్కెర మానేస్తే కీళ్ళవాతం మాయం" అని చెప్పే రీల్స్ మీకు రోజూ వస్తాయి. నేను చెప్పింది అది కాదు. కణం లాగేది రక్తంలోని గ్లూకోజ్‌ను. మీరు చాయ్‌లో చక్కెర మానినా, అన్నం మానినా, కాలేయం రక్తంలో గ్లూకోజ్‌ను ఒక స్థాయిలో నిలబెడుతూనే ఉంటుంది. లేకపోతే మెదడు ఆగిపోతుంది. బరువు తగ్గడం మంచిదే, పొగ మానడం ఇంకా మంచిది. ఈ జబ్బుకు పొగ నిరూపితమైన శత్రువు. కానీ తిండి మార్చి మందు మానేస్తే కీలు అరిగిపోతుంది, అంతే.

ఇప్పుడు మళ్ళీ సుబ్బారావు గారి దగ్గరికి పోదాం. ఏటీపీ అంతటి పని చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. అక్కడ పరిశోధనలకు నాయకుడయ్యారు.

స్ప్రూ గుర్తుందా? స్ప్రూలో రక్తహీనత వస్తుంది. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీష్ డాక్టరమ్మ బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఇట్లాంటి రక్తహీనతనే చూసింది. ఈస్ట్‌తో చేసిన మార్మైట్ తినిపిస్తే తగ్గింది. అందులో ఏదో తెలియని పదార్థం ఉంది. 1941లో అమెరికాలో దాన్ని పాలకూర నుంచి వేరు చేశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు, కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. ఆకు నుంచి తీస్తే వచ్చేది చిటికెడు. ఎంతమందికి సరిపోతుంది? 1945లో లెడర్లీలో సుబ్బారావు గారి బృందం దాన్ని ఫ్యాక్టరీలో తయారు చేసే మార్గం కనిపెట్టింది. తన అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు పనికొచ్చే మందు. ఇవాళ మన ఆశా అక్కలు గర్భిణులకు ఇచ్చే ఐరన్ గోలీలో ఉండే ఫోలిక్ యాసిడ్ ఇదే.

బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ యాసిడ్ రకాలను రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు ఇంకా పెరిగినట్టు అనిపించింది. మరి దీనికి ఉల్టా ఇస్తే? ఫోలిక్ యాసిడ్ లాగే కనిపించి, కణాన్ని మోసం చేసి, దాని పనిని ఆపేసే పదార్థం కావాలి. అట్లాంటివి లెడర్లీలో సుబ్బారావు గారి బృందం తయారు చేసి ఇచ్చింది. మొదటిది అమినోప్టెరిన్. దాని తమ్ముడు అమెథోప్టెరిన్, అంటే మెథోట్రెక్సేట్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గింది. రక్తక్యాన్సర్ ఒక మందుకు లొంగడం అప్పటికి ఊహకందని సంగతి.

అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

ఇక తేదీలు గమనించండి. ఆయన పోయిన మరుసటి నెల, 1948 సెప్టెంబర్‌లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ రుమటాయిడ్‌తో మంచం పట్టిన ఒకామెకు కార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. ప్రపంచం అదిరిపోయింది. రెండేళ్ళకే, 1950లో, నోబెల్ వచ్చింది. స్టెరాయిడ్ల యుగం మొదలైంది.

1951లో న్యూయార్క్ డాక్టర్ రిచర్డ్ గబ్నర్, ఆయన తోటివాళ్ళు ఒక చిన్న పేపర్ రాశారు. సుబ్బారావు గారి బృందం చేసిన అమినోప్టెరిన్‌ను తక్కువ మోతాదులో ఇస్తే రుమటాయిడ్, సోరియాసిస్ తగ్గుతున్నాయని అందులో ఉంది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చేతిలో కార్టిసోన్ లాంటి అద్భుతం ఉండగా క్యాన్సర్ విషం ఎవరికి కావాలి? చర్మం డాక్టర్లు మాత్రం సోరియాసిస్‌కు వాడుతూ వచ్చారు.

అద్భుతం తర్వాత బిల్లు వచ్చింది. ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మింగిన వాళ్ళకు ఎముకలు గుల్లబారాయి, ముఖం ఉబ్బింది, షుగర్ వచ్చింది, ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. అప్పుడు డాక్టర్లు పాత పేపర్ల వైపు మళ్ళారు. 1985లో బోస్టన్‌లో మైఖేల్ వైన్‌బ్లాట్ బృందం వారానికి 7.5 నుంచి 15 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్ ఇచ్చి, ఉత్తుత్తి గోలీతో పోల్చి చూసింది. మందు పనిచేసింది. 1988లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని రుమటాయిడ్‌కు ఆమోదించింది. గబ్నర్ పేపర్ నుంచి లెక్కేస్తే 37 ఏళ్ళు. ఈ 37 ఏళ్ళలో ఎంతమంది వేళ్ళు వంకర పోయాయో ఆలోచించండి.

మరి ఇంత చిన్న డోసు ఎట్లా పనిచేస్తుంది? క్యాన్సర్‌లో అయితే ఫోలిక్ యాసిడ్ పని ఆపి కణాన్ని పెరగనివ్వదు. కీళ్ళవాతంలో డోసు చాలా తక్కువ, కాబట్టి అదొక్కటే జవాబు కాదు. 1990ల్లో న్యూయార్క్‌లో బ్రూస్ క్రోన్‌స్టీన్ పని వల్ల ఇంకో జవాబు బయటపడింది. ఈ మందు వేసుకుంటే కణాల బయట అడినోసిన్ పెరుగుతుంది. ఆ అడినోసిన్ తెల్లరక్తకణాల మీద వాలి, "ఇక చాలు, శాంతించు" అనే సిగ్నల్ ఇస్తుంది.

అడినోసిన్ అనే మాట ఇంతకుముందు ఎక్కడ విన్నారు? అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌లో. ఏటీపీ లోని మొదటి అక్షరమే అది. ఇది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. 1929లో సుబ్బారావు గారు శక్తి కోసం వెతుకుతూ పట్టుకున్న అణువులోని ముక్కే, ఆయన బృందం వేరే జబ్బు కోసం చేసిన మందులో శాంతి సందేశంగా పనిచేస్తోంది. ఆయనకు ఈ రెండూ కలుస్తాయని తెలిసే అవకాశమే లేదు.

సరే, ఇదంతా బోస్టన్, న్యూయార్క్. మన పటాన్‌చెరు ఇందులోకి ఎట్లా వచ్చింది?

1961లో కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్ పెట్టింది. సోవియట్ సాయంతో బాలానగర్‌లో సింథటిక్ డ్రగ్స్ ప్లాంట్ వచ్చింది. మందులు తయారు చేయడం తెలిసిన ఒక తరం కెమిస్టులు అక్కడ తయారయ్యారు. 1970లో పేటెంట్ చట్టం మారింది. అప్పట్లో మందు మీద కాదు, దాన్ని తయారు చేసే పద్ధతి మీదే పేటెంట్ ఉండేది. వేరే దారిలో అదే మందు చేయగలిగితే చేసుకునే వీలుండేది. ఐడీపీఎల్ నుంచి బయటికొచ్చిన వాళ్ళు సొంత కంపెనీలు పెట్టారు. అప్పటి మెదక్ జిల్లాలో భూమి దొరికింది, రాయితీలు దొరికాయి, హైవే పక్కనే ఉంది. అట్లా ఈ బెల్ట్ పుట్టింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ కంపెనీకి బొల్లారంలో యూనిట్లు ఉన్నాయి. 1987లో దానికి వచ్చిన తొలి అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం ఐబుప్రోఫెన్ ముడిమందుకే. ఆ ఐబుప్రోఫెన్ కూడా 1969లో బ్రిటన్‌లో మొదట రుమటాయిడ్ ఆర్థరైటిస్ మందుగానే మార్కెట్లోకి వచ్చింది.

ఇంకో లింక్ మీకే గుర్తుండొచ్చు. 2021 మే, కోవిడ్ సెకండ్ వేవ్. నీళ్ళలో కలుపుకుని తాగే పొడి సాచెట్, 2-డీజీ. డీఆర్‌డీఓ, డాక్టర్ రెడ్డీస్ కలిసి తెచ్చాయి. తొలి ల్యాబ్ పరీక్షల్లో హైదరాబాద్ సీసీఎంబీ కూడా పాలుపంచుకుంది. 2-డీజీ అంటే గ్లూకోజ్ లాగే కనిపించే నకిలీ. తెగ తినే కణం దీన్ని నిజమైన గ్లూకోజ్ అనుకుని మింగుతుంది, తర్వాత ముందుకు పోలేక ఇరుక్కుంటుంది. పెట్ స్కాన్‌లో ఇచ్చేది కూడా దీని బంధువే. 2018లో అచ్చైన ఒక పరిశోధనలో ఆర్థరైటిస్ ఉన్న ఎలుకలకు 2-డీజీ ఇస్తే వాపు తగ్గింది. అది ఎలుకల్లో మాత్రమే, మనుషుల కీళ్ళవాతానికి ఇది మందు కాదు. కానీ చక్కెర దారిని కొంచెం మూసి జబ్బును అదుపు చేయొచ్చన్న ఆలోచన ఎంత దూరం వచ్చిందో చూడండి.

ఈ చవక మందులకు మన ఊళ్ళు కట్టిన ధర కూడా చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. నక్కవాగు రంగు మారింది, పొలాలు పాడయ్యాయి. 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికంటే ఇది ఎక్కువ. 2025 జూన్ 30న పాశమైలారంలో గోలీల్లో కలిపే పొడి తయారు చేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. మనం చేతిలో పట్టుకునే ప్రతి గోలీ వెనక ఇట్లాంటి మనుషులు, ఇట్లాంటి నేల ఉన్నాయి.

అందుకే నాకు బాధ అనిపించేది ఇదీ. ఇంత ధర కట్టిన చోట, ఇన్ని మందులు తయారయ్యే చోట, మన ఇంట్లో అమ్మకు సరైన మందు సరైన టైంలో అందకపోతే ఎట్లా? మెథోట్రెక్సేట్ ఖరీదైనది కాదు. మనకు ఖరీదు పడుతున్నది ఆలస్యం. రుమటాయిడ్‌లో మొదటి కొన్ని నెలలు చాలా ముఖ్యం. ఎముక ఒకసారి కొరుక్కుపోతే మందు దాన్ని తిరిగి తేలేదు.

కాబట్టి ఇంటికి పోయి చూడండి. పొద్దున్నే అరగంటకు మించి వేళ్ళు బిగుసుకుంటున్నాయా? చిన్న కీళ్ళు వాచి ఆరు వారాలు దాటిందా? అయితే అది చలి కాదు, రుమటాలజిస్ట్ దగ్గరికి తీసుకుపోవాలి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్తపరీక్షలు రాస్తారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు, కీళ్ళు చూసి డాక్టరే తేల్చాలి. "కీళ్ళనొప్పుల స్పెషల్ పొడి" అని పేరు లేని పొట్లాలు ఇస్తే తీసుకోకండి. అట్లాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు, అందుకే రెండు రోజుల్లోనే హాయిగా అనిపిస్తుంది.

మెథోట్రెక్సేట్ రాస్తే ఒక్క మాట బాగా గుర్తుంచుకోండి. వారానికి ఒక్కసారి. రోజూ కాదు. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచవ్యాప్తంగా ఈ ఒక్క పొరపాటుతో మనుషులు చనిపోయారు. అమ్మకు చదువు రాకపోతే క్యాలెండర్ మీద ఆ వారాన్ని మీరే గుండ్రంగా చుట్టండి. మీ ఫోన్‌లో అలారం పెట్టండి. డాక్టర్ దీనితో పాటు ఫోలిక్ యాసిడ్ గోలీ కూడా రాస్తారు. అవును, సుబ్బారావు గారి బృందం తయారీ మార్గం కనిపెట్టిన అదే ఫోలిక్ యాసిడ్. నోటి పుండ్లు, వికారం లాంటి ఇబ్బందులు తగ్గడానికి అది పనికొస్తుంది. మధ్యమధ్యలో రక్తపరీక్ష, కాలేయం పరీక్ష చేయించాలి. గర్భం దాల్చాలనుకునేవాళ్ళు, గర్భిణులు ఈ మందు వాడకూడదు. డాక్టర్‌కు ముందే చెప్పాలి. మద్యం అలవాటుంటే అదీ దాచకూడదు.

సుబ్బారావు గారికి నోబెల్ రాలేదు. చాలా పాఠ్యపుస్తకాల్లో పేరు కూడా లేదు. అది మార్చడం మన చేతుల్లో లేకపోవచ్చు. ఆయన వెతికిన దారిలో వచ్చిన గోలీని సరైన రోజున, సరైన చేతికి అందించడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఈ ఎపిసోడ్ మీకు కాకుండా ఇంకెవరికి పనికొస్తుందో మీకు తెలుసు, వాళ్ళకు పంపండి. మీ ఇంట్లో ఎవరైనా పొద్దున్నే చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నారేమో, రేపు ఒకసారి గమనించండి.

మళ్ళీ కలుద్దాం. ఉంటాను.